తీపి పడనివాళ్ళు

లక్ష్మీదుర్గకు ఊహ తెలిసినప్పటి నుంచి తీపి పడదు. ఇష్టం లేకపోవడం వేరు, పడకపోవడం వేరు. బెల్లం పాకం వాసన తగిలినా ఆమెకు కడుపులో తిప్పేది. అరటిపండు, మామిడిపండు, తేనె, చెరుకు, ఏదీ నోట పెట్టేది కాదు. పట్టిసీమ దగ్గర గోదావరి గట్టు మీద చేపలు పట్టుకుని బతికే వాళ్ళ వాడలో అదొక వింత. పెళ్ళి భోజనాల్లో పిల్లలంతా బూరెల గిన్నె ఎటు వస్తుందా అని మెడలు చాచి చూస్తుంటే, ఈ పిల్ల విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దు, పులుసు పొయ్యండి" అనేది.

తల్లి తలుపులమ్మకు ఇది మొండితనంగానే తోచింది. ఒక శ్రీరామనవమికి పందిట్లో అందరూ చూస్తుండగా కూతురు పానకం గ్లాసు పక్కకు తోసేసింది. తలుపులమ్మకు తల కొట్టేసినట్టయింది. పిల్లను ఒళ్ళో బిగించి పట్టుకుని గ్లాసంతా తాగించింది. కాసేపటికి పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది. చెమటలు కారిపోయాయి. కళ్ళు తేలేసి తల్లి భుజం మీద వాలిపోయింది. గాలి సోకిందన్నారు, దిష్టి తగిలిందన్నారు. తాయెత్తు కట్టారు. పిల్ల తేరుకుంది. ఆ తర్వాత తలుపులమ్మ ఎప్పుడూ బలవంతం చేయలేదు గానీ, "మొండిది" అన్న పేరు మాత్రం లక్ష్మీదుర్గకు ఉండిపోయింది.

ఆ మొండిపిల్ల చదువులోనూ అలాగే పట్టుకుంది. రాజమండ్రిలో డిగ్రీ చేసి, అక్కడే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరింది. హాస్టల్లో ఉండి చదువుకునేది.

ఒక రోజు క్లాసులో రాజరత్నం మేడమ్ తెర మీద ఒక బొమ్మ చూపించారు. రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరిగి ముద్దగా అల్లుకున్నట్టుందది.

"ఇది ఆల్డొలేజ్ బి. మన కాలేయంలో పనిచేసే ఎంజైమ్" అన్నారామె. "సరిగ్గా చూడండి. ఒకే రకం గొలుసులు నాలుగు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నాలుగూ కలిస్తేనే గట్టిగా నిలబడుతుంది. ఒక్కో గొలుసు మధ్యలో ఎనిమిది పట్టీలు గుండ్రంగా నిలబడి పీపాలాగ ఉన్నాయి కదా? అసలు పని జరిగేది ఆ పీపా లోపల. అక్కడ లైసిన్ అనే ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. అది చక్కెరను పట్టుకుని, రెండు ముక్కలు చేసి వదిలేస్తుంది."

పళ్ళలో, తేనెలో ఉండే చక్కెర పేరు ఫ్రక్టోజ్ అనీ, మనం వాడుకునే పంచదారలో సగం అదేననీ ఆమె గుర్తు చేశారు. ఫ్రక్టోజ్ కాలేయంలోకి రాగానే ముందు దానికి ఒక ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. తర్వాత ఆల్డొలేజ్ బి దాన్ని కోయాలి.

"కోయకపోతే ఏమవుతుంది?"

"పేరుకుపోద్దండి" అన్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు.

"అంతే. ఫాస్ఫేటంతా దానితోనే ఇరుక్కుపోతుంది. కాలేయానికి శక్తి తయారు చేసుకోవడానికి ఫాస్ఫేట్ మిగలదు. తను దాచుకున్న గ్లూకోజ్‌ని కూడా రక్తంలోకి వదల్లేదు. అంటే, తీపి తిన్న మనిషికి రక్తంలో చక్కెర పడిపోతుంది."

క్లాసులో ఎవరో నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారినా చాలు, మడత చెడిపోతుంది. నాలుగూ కలిసి నిలబడలేవు. అలా పుట్టినవాళ్ళు చాలా అరుదు. చిన్నప్పుడే వాళ్ళంతట వాళ్ళే తీపి మానేస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్ళే చెబుతుంది. చాలామందికి ఒక్క పుచ్చుపన్ను కూడా ఉండదు."

లక్ష్మీదుర్గ నాలుకతో పళ్ళు తడుముకుంది. ఆమె పళ్ళను చూసి వాడంతా మెచ్చుకునేవారు. ఇన్నేళ్ళుగా తనను మొండిదన్నవాళ్ళందరికీ చెప్పవలసిన మాట దొరికినట్టనిపించింది.

క్లాసయ్యాక మేడమ్ వెనకాలే వెళ్ళి అంతా చెప్పింది. రాజరత్నం మేడమ్ ఆగి విన్నారు.

"జన్యు పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం. ఏదైనా, నువ్వు తినకుండా ఉండడమే నీ ప్రాణం కాపాడిందేమో. అలాగే ఉండు" అన్నారు.

అప్పటికి లక్ష్మీదుర్గ తన గురించే ఆలోచించింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉండొచ్చన్న ఆలోచన రాలేదు. అక్క నాగదుర్గ తీపంటే పడి చచ్చేది. అక్క మొగుడు త్రిమూర్తులు వాళ్ళకు స్వయానా మేనమామ, తలుపులమ్మ తమ్ముడు. అతనికీ ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళ కొడుకు లోకనాథ్ తల్లిపాలు తాగుతూ బొద్దుగా పెరుగుతున్నాడు.

వాడికి అన్నప్రాసన చేసిన కొన్ని వారాలకు నాగదుర్గ ఫోన్ చేసింది.

"చెల్లీ, బాబుకి బాలేదే. ఏం పెట్టినా కక్కేస్తన్నాడు. కళ్ళు పచ్చబడ్డాయి. రాజమండ్రి తీసుకొచ్చేశాం."

లక్ష్మీదుర్గ ఆస్పత్రికి పరుగెత్తింది. పిల్లాడు తల్లి ఒళ్ళో పీనుగులా పడి ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, చేతులు పుల్లల్లా ఉన్నాయి. లోకనాథ్ ఇక్కడికి రావడం ఇది రెండోసారట. మొదటిసారి సెలైన్ ఎక్కించి, నోటికి తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వకుండా ఉంచితే త్వరగానే తేరుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళాక మళ్ళీ మొదలైంది.

"నీ చదువు పాడవుద్దని చెప్పలేదే" అంది నాగదుర్గ.

"ఇంటికెళ్ళాక ఏం పెట్టారక్కా?"

జవాబు తలుపులమ్మ చెప్పింది. "ఏం పెడతామే? నీరసంగా ఉన్నాడని చక్కెరకేళీ మెత్తగా చేసి పెట్టాను. బెల్లం పరమాన్నం రెండు ముద్దలు. అంతే."

లక్ష్మీదుర్గ జరిగినదంతా వరసగా పేర్చుకుంది. పాలు తాగినంత కాలం బాగున్నాడు. అన్నప్రాసన తర్వాత చెడ్డాడు. ఆస్పత్రిలో తీపి ఆగింది, తేరుకున్నాడు. ఇంట్లో తీపి పెట్టారు, మళ్ళీ పడ్డాడు. బల్ల మీద పిల్లాడి బలం మందు సీసా ఉంది. ఇంటి దగ్గర కొన్నదాన్నే వెంట తెచ్చి, పొద్దున ఒక మూత పట్టారట. తిప్పి వెనక రాసింది చదివింది. మందు కంటే ముందు చక్కెర పేరే ఉంది, దాని కింద సార్బిటాల్. అదీ కాలేయంలో ఫ్రక్టోజ్‌గానే మారుతుంది.

"అక్కా, ఈ మందు ఇంక పట్టకు. పళ్ళూ బెల్లం ఏదీ వద్దు. నేను డాక్టరుగారితో మాట్లాడి వస్తాను."

"డాక్టరుగారి కంటే నీకెక్కువ తెలుసా?" అంది తలుపులమ్మ.

"తెలీదమ్మా. అందుకే అడగడానికి వెళ్తన్నాను."

పిల్లల డాక్టరు ప్రసన్నకుమార్ గారి గది ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. నర్సు తర్వాత రమ్మంది. లక్ష్మీదుర్గ కదల్లేదు. తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడింది. ఆఖరికి ఆయనే చూసి, "ఏంటమ్మా?" అన్నారు.

"లోకనాథ్ పిన్నినండి. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. బాబుకి ఫ్రక్టోజ్ పడట్లేదేమోనని నా అనుమానమండి. ఆల్డొలేజ్ బి లోపం."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఎందుకనిపించింది?"

ఆమె తిండికీ జబ్బుకీ కనిపించిన వరస చెప్పింది. తర్వాత, కాస్త తటపటాయించి, "నాకు కూడా పుట్టినప్పటి నుంచి తీపి పడదండి. అక్కది మేనరికం" అంది.

ప్రసన్నకుమార్ గారు కాసేపు పిల్లాడి రిపోర్టులు తిరగేశారు. "లివర్‌కి ఇన్ఫెక్షన్ అనుకుని చూస్తున్నాం. కానీ ఏ వైరస్సూ దొరకలేదు. షుగర్ పడిపోయింది, ఫాస్ఫేట్ తక్కువుంది. నువ్వు చెప్పేది ఎప్పుడో పీజీలో చదివానమ్మా, ఒక్క కేసూ చూడలేదు" అన్నారు. "ఖాయం చెయ్యాలంటే రక్తం హైదరాబాద్ పంపాలి. వారాలు పడుతుంది."

"నాకు కొంచెం పంచదార తినిపించి చూడండి. మీ కళ్ళ ముందే తెలిసిపోద్ది."

"అలాంటి పని ఎప్పుడూ చెయ్యకు" అన్నారాయన గట్టిగా. "ప్రాణం మీదకొస్తుంది. నీ రక్తం కూడా పంపుదాం. ఈలోపు పిల్లాడికి అన్ని సిరప్‌లూ ఆపేస్తాను. గ్లూకోజ్ సెలైన్, తల్లిపాలు. తీపి చుక్క కూడా నోట్లో పడకూడదు. ఇంట్లోవాళ్ళని నువ్వు చూసుకోవాలి."

"యూరిన్‌లో చూడొచ్చు కదండీ?"

"ఇక్కడున్న స్ట్రిప్ గ్లూకోజ్‌ని మాత్రమే పడుతుంది."

"మా ల్యాబులో ఫ్రక్టోజ్‌ని కూడా పట్టే బెనెడిక్ట్ ద్రావణం ఉందండి. పొద్దున సిరప్ తాగాడు కాబట్టి ఇప్పుడు తీస్తే తెలుస్తుంది."

ఆయన మొహంలో చిన్న నవ్వు కనిపించింది. "నేను శాంపిల్ తీయిస్తాను. మీ మేడమ్‌తో నేను ఫోన్లో మాట్లాడతాను. పద."

వార్డుకు తిరిగొచ్చేసరికి తలుపులమ్మ మంచం పక్కన చిన్న గిన్నెతో నిలబడి ఉంది. త్రిమూర్తులు తెల్లారే పడవ మీద పట్టిసీమ వీరభద్రస్వామి గుడికి వెళ్ళి పంచామృతం తెచ్చాడు. తలుపులమ్మ వేలు ముంచి పిల్లాడి పెదాల దగ్గరికి తీసుకెళ్తోంది. లక్ష్మీదుర్గ ఆ చెయ్యి పట్టుకుంది.

"వదులు" అంది తల్లి.

"వద్దమ్మా."

"దేవుడి తీర్థం కూడా వద్దంటావా? నీ మొండితనం పసోడి మీద కూడానా?"

వార్డులో అందరూ ఇటు తిరిగారు. లక్ష్మీదుర్గ చెయ్యి వదల్లేదు.

"నుదుటికి రాయమ్మా. గుండె మీద పుయ్యి. నోట్లో మాత్రం వద్దు. అందులో తేనుంది, అరటిపండుంది, పంచదారుంది."

"అక్కా, కాస్త ఆగు" అన్నాడు త్రిమూర్తులు. "అంత గట్టిగా చెబుతుంది కదా."

"నువ్వూ దానికి వంతపాడు."

"అమ్మా, నాతో కాలేజీకి రా" అంది లక్ష్మీదుర్గ. "ఈ గిన్నె కూడా పట్టుకురా. నేను చెప్పేది నమ్మొద్దు. నీ కళ్ళతో చూడు."

తలుపులమ్మ రానంది. కూతురు వదల్లేదు. త్రిమూర్తులు కూడా వెళ్ళమన్నాడు. చివరికి తలుపులమ్మ గిన్నె మీద మూత పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేచింది. నర్సు తీసిచ్చిన శాంపిల్ సీసా పట్టుకుని లక్ష్మీదుర్గ ఆమెతో ఆటో ఎక్కింది.

ల్యాబులో రాజరత్నం మేడమ్ అప్పటికే అంతా సిద్ధం చేసి ఉంచారు. తలుపులమ్మకు స్టూలు చూపించి, "కూర్చోండమ్మా" అన్నారు. తలుపులమ్మ కూర్చోలేదు.

లక్ష్మీదుర్గ మూడు గాజు గొట్టాల్లో నీలం రంగు ద్రావణం పోసింది. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు వేసింది. రెండోదాంట్లో పంచామృతం చుక్కలు. మూడోదాంట్లో పిల్లాడి మూత్రం. మూడింటినీ మరుగుతున్న నీళ్ళలో నిలబెట్టింది.

"తీపి దొరికితే దీని రంగు మారుద్దమ్మా. దొరక్కపోతే నీలంగానే ఉంటుంది."

పంచామృతం వేసిన గొట్టం ముందు మారింది. పచ్చబడి, పసుపై, ఇటుక రంగుకు తిరిగింది. నీళ్ళది అలాగే ఉంది. తలుపులమ్మ చూపు మూడోదాని మీదే ఉంది. నెమ్మదిగా ఆ నీలం కూడా పచ్చబడింది. అడుగున పసుపు మడ్డి పేరుకుని, తర్వాత నారింజ రంగుకు తిరిగింది.

మేడమ్ ఆ మూత్రంలోనే ఒక కాగితం పట్టీ ముంచి చూపించారు. "ఇది గ్లూకోజ్ ఉంటేనే మారుతుందమ్మా. మారలేదు చూడండి. అంటే బాబు ఒంట్లోంచి తీపి పోతోంది, కానీ అందరికీ పనికొచ్చే తీపి కాదు. పళ్ళలో, తేనెలో, పంచదారలో ఉండేది."

"వాడి కాలేయంలో దాన్ని కోసే పనిముట్టు సరిగ్గా తయారవలేదమ్మా" అంది లక్ష్మీదుర్గ. "నాక్కూడా అంతే. అరక్కుండా అక్కడే ఇరుక్కుపోయి కాలేయాన్ని ఆపేస్తంది. ఎక్కువైంది ఇలా బయటికొస్తది. మనం బలానికని పెట్టిన ప్రతి ముద్దా వాడికి విషం."

తలుపులమ్మ స్టూలు మీద కూర్చుంది. తర్వాత గోడవైపు చూస్తూ అడిగింది.

"పాలు తాగినన్నాళ్ళు ఏం కాదా?"

"ఏం కాదు. పాలల్లో ఉండే చక్కెర వేరు."

"మీ అక్కకీ నీకూ మధ్య పుట్టినోడు..." అని ఆగిపోయింది.

తనకు ముందు ఒక అన్న పుట్టి పోయాడని లక్ష్మీదుర్గకు తెలుసు. కామెర్లన్నారు. అంతకు మించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

"వాడూ ఇలాగే. పాలు తాగినన్నాళ్ళు ఎత్తుకోలేకపోయేదాన్ని, అంత బరువుండేవాడు. అన్నం మొదలెట్టాక కరిగిపోయాడు. చిక్కిపోతన్నాడని తేనె నాకించాను. కక్కేకొద్దీ ఇంకా పెట్టాను. నా చేత్తోనే పెట్టానే."

లక్ష్మీదుర్గ తల్లి ముందు నేల మీద కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీకు తెలీదమ్మా. అప్పటి డాక్టరుకీ తెలీదు. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరికీ తెలీదు."

"నిన్ను కూడా పట్టుకుని తాగించాను."

"తాగించావు. బతికాను కదా."

తలుపులమ్మ ఏడ్చింది. మేడమ్ కిటికీ వైపు వెళ్ళి నిలబడ్డారు. కాసేపటికి తలుపులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గిన్నెలో మిగిలిన పంచామృతం కళ్ళకద్దుకుని, తన నోట్లో పోసుకుంది.

"పద" అంది. "అక్కడ ఎవరేం పెడతారో. త్రిమూర్తులుకి బుద్ధి లేదు."

ఆ సాయంత్రం నుంచి తలుపులమ్మ మనవడి మంచం దగ్గర కాపలా కూర్చుంది. చూడ్డానికొచ్చిన చుట్టాల చేతుల్లో పళ్ళ సంచులు గుమ్మం దగ్గరే తీసేసుకుంది. కొత్త నర్సు ఏదో మందు తెస్తే, "ఇందులో తీపుందా అండి? డాక్టరుగారిని అడిగి రండి" అని వెనక్కి పంపింది. నర్సు విసుక్కున్నా వెళ్ళి అడిగి వచ్చింది.

పిల్లాడి వాంతులు ఆగాయి. షుగర్ పడిపోవడం ఆగింది. వారం తిరిగేసరికి కళ్ళలో పచ్చదనం తగ్గింది. ఒక ఉదయం నాగదుర్గ పాలిస్తుంటే వాడు పాలు వదిలేసి తల్లి ముక్కుపుడక పట్టుకు లాగాడు. ఆమె నొప్పికి అరిచి, ఆ వెంటనే నవ్వింది. వాళ్ళంతా నవ్వి చాలా రోజులైంది.

ఇంటికొచ్చాక లక్ష్మీదుర్గ సెలవులన్నీ అక్క దగ్గరే గడిపింది. ఏది పెట్టొచ్చో, ఏది కూడదో అక్కకు చెప్పింది. అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు, చేప, పాలు పెట్టొచ్చు. పళ్ళు, బెల్లం, తేనె, బజారులో కొన్న బిస్కెట్లు కూడదు. ఉల్లిపాయ, క్యారెట్ లాంటి తియ్యటి కూరలు కూడా ఇప్పుడే వద్దు. చేపలు పట్టే ఇల్లు కాబట్టి చేపకు లోటు లేదు. ముళ్ళు తీసి మెత్తగా చేసిన చేపను లోకనాథ్ రెండు చేతులతో అందుకునేవాడు.

హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చాక ప్రసన్నకుమార్ గారు అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. అనుమానం నిజమైంది. ఆల్డొలేజ్ బి జన్యువులో ఒక్క అక్షరం మారింది. పిల్లాడికి రెండు వైపుల నుంచీ ఆ మార్పే వచ్చింది. లక్ష్మీదుర్గ రక్తంలోనూ అదే ఉంది.

త్రిమూర్తులు తల దించుకున్నాడు. "అయితే మా పెళ్ళే తప్పండి?"

"తప్పు అనకండి" అన్నారు డాక్టరుగారు. "మీకూ మీ ఆవిడకీ ఆ జన్యువు రెండేసి ఉన్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడిపోయింది. మంచిది ఒకటున్నా పని జరిగిపోతుంది. వాడికి రెండూ చెడిపోయినవే వచ్చాయి. దగ్గర చుట్టరికంలో అలా కలిసే అవకాశం ఎక్కువ. ఇంకో బిడ్డ అనుకుంటే ముందే నా దగ్గరికి రండి."

"వీడికి తగ్గదాండి?" అంది నాగదుర్గ.

"ఎంజైమ్ మారదమ్మా. కానీ తిండి మీ చేతిలో ఉంది. జాగ్రత్తగా ఉంటే అందరిలాగే పెరుగుతాడు. మీ చెల్లెల్ని చూడండి."

నాగదుర్గ చెల్లెలి వైపు చూసింది. లక్ష్మీదుర్గ ఆ చూపు ఎదుర్కోలేక కిందకి చూసింది. ఆమె మనసులో ఇంకో ఆలోచన నడుస్తోంది. అమ్మానాన్నలిద్దరికీ ఈ మార్పు ఉండి ఉంటుంది. ఇద్దరి వైపూ చుట్టాలున్నారు. పట్టిసీమ నుంచి నిడదవోలు దాకా ఎన్నో ఇళ్ళు. అందరూ ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు చేసుకున్నవాళ్ళే. ఎన్ని ఇళ్ళలో కామెర్లని పిల్లల్ని పోగొట్టుకున్నారో.

బయటికొచ్చాక ఆ మాటే తల్లితో అంది. "నేను ప్రతి ఇంటికీ వెళ్ళి చెబుతానమ్మా. డాక్టరుగారు పరీక్షలకి సాయం చేస్తానన్నారు. మేడమ్ కూడా ప్రాజెక్టుగా తీసుకోమన్నారు."

"నువ్వెళ్తే ఎవరు వింటారే? చదువుకున్న పిల్ల ఏదో వాగుతుందంటారు" అంది తలుపులమ్మ. "నేనొస్తాను. నా కొడుకు సంగతి నేనే చెప్పాలి."

మొదట నిడదవోలు వెళ్ళారు. రైల్వే గేటు అవతల తలుపులమ్మ ఆడపడుచు ఇల్లు. ఆమె విషయం విని మొహం ముడుచుకుంది.

"మా ఇంట్లో అలాంటి రోగాలు లేవొదినా. ఇలాంటివి బయట చెప్పుకుంటే రేపు మా పిల్లలకి సంబంధాలొస్తాయా? వెళ్ళిరండి."

లక్ష్మీదుర్గ లేవబోయింది. తలుపులమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. చెప్పులు విప్పి అరుగు మీద కాళ్ళు చాపుకుంది.

"రోగమని అనట్లేదు వదినా. నాకు దాహంగా ఉంది. మంచినీళ్ళియ్యి. తాగి, మొదట్నుంచీ చెబుతాను. వినే దాకా నేను కదల్ను."

ఆడపడుచు గుమ్మంలో కాసేపు నిలబడింది. తర్వాత చెంబు తేవడానికి లోపలికి వెళ్ళింది.